చాపకూడు వంట

యాకుత్‌పురాలో మా ఇంటికి నాలుగు సందుల అవతల ఒక చిన్న బడి ఆవరణ ఉన్నది. ఏటేటా కార్తీకం వెళ్లిపోయే రోజులలో ఆ ఆవరణ ఒక పూట కారెంపూడి అవుతుంది. వేపచెట్టు క్రింద గురజాల కొలువు. నీళ్లతొట్టి దగ్గర మాచర్ల కోట. రెండింటికి నడుమ, పిల్లలు బంతి ఆడుకొనే నేల, పల్నాటి వీరులు ఒరిగిన రణభూమి. చెక్క కత్తులకు వెండిరంగు పూస్తారు. అట్ట కిరీటాలకు బంగారు కాగితం అంటిస్తారు. బాలచంద్రుడు డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. నాయకురాలు నాగమ్మ పగలు మిషను కుట్టి బ్రతుకుతుంది. బ్రహ్మనాయుడికి ఫలక్‌నుమా వైపు వచ్చే రైలు అందకపోతే పల్నాటి యుద్ధం అరగంట ఆలస్యమవుతుంది.

ఈ బృందంలో నాకు వేషం లేదు. నేను వంటవాణ్ణి.

ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాణ్ణి. శాకాహారిని. అది పుట్టుకతో వచ్చినది గనుక అందులో నా గొప్ప ఏమీ లేదు. వంట మా తల్లి దగ్గర నేర్చుకొన్నాను. ఆమె మడి కట్టుకొని పొయ్యి ముందు కూర్చున్నప్పుడు మేము గడప ఇవతల నిలబడి చూచేవాళ్లము. ఆ గడప సంగతి ముందు ముందు మళ్లీ వస్తుంది.

నన్ను వంటకు ఎవరూ పిలువలేదు, నేనే పోయినాను. మొదటి ఏడు నాటకం చూడబోయినప్పుడు చాపకూడు ఘట్టం వచ్చినది. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారిని ఒకే చాప మీద కూర్చుండబెట్టి భోజనం పెట్టే ఘట్టం. పిల్లలు వరుసగా కూర్చుని, ఖాళీ విస్తళ్ల ముందు చేతులాడించి, ఉత్త నోళ్లు నమిలి, లేచి మూతులు తుడుచుకొన్నారు. చూస్తున్నవారు చప్పట్లు కొట్టినారు. నాకు మాత్రం ఏదో వెలితి తోచినది. యుద్ధాన్ని అభినయించవచ్చును. అభినయించక తప్పదు కూడాను. నిజంగా పొడుచుకొంటే పోలీసులు వస్తారు. కాని భోజనాన్ని అభినయించవలసిన అవసరం ఏమున్నది? కత్తి చెక్కదైనా వీరుడు వీరుడే. అన్నం ఉత్తదైతే అది పంక్తి కాదు. ఈ మాట నాటకం అయిపోయిన తరువాత ఆ కుర్రవాళ్లతో అన్నాను. “అయితే మీరే వండుండ్రి సార్” అన్నారు. ఉపాధ్యాయుడు అనవసరంగా నోరు జారితే కలిగే ఫలితం ఇటువంటిదే.

మా పిల్లలు ఆడేది ఆటయే గాని, దానికి మాతృక అయిన ఉత్సవం కారెంపూడిలో ఉన్నది. నాగులేటి ఒడ్డున ఉన్న ఆ ఊరిలో కార్తీక అమావాస్య మొదలుకొని ఐదు దినాలు పల్నాటి వీరుల ఆరాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ ఐదు దినాలకు పేర్లు. పేర్లు వింటేనే కథ తెలిసిపోతుంది. కోడిపందెంలో ఓడి ఏడేండ్లు వలస పోయిన మలిదేవాదులు, రాజ్యభాగం అడగడానికి రాయబారిగా వెళ్లి విషప్రయోగానికి బలియైన అలరాజు, పశువుల మంద కోసం జరిగిన పోరు, క్రీ.శ. 1182 ప్రాంతంలో జరిగినదని చెప్పుకొనే ఆ చివరి సంగ్రామం: అన్నీ ఆ ఐదు దినాలలో మళ్లీ జరుగుతాయి. వీరుల ఆయుధాలను పూజించి ఊరేగిస్తారు. వీరవిద్యావంతులు కథ పాడుతారు. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న ద్విపద ఒకటి పండితుల చేతిలో ఉన్నది గాని, ప్రాణమున్న కథ ఈ గాయకుల గొంతులోనే ఉన్నది. జీన్ రోఘైర్ అనే అమెరికా పండితుడు ఆలిశెట్టి గాలెయ్య అనే గాయకుని నోట ఈ కథను విని, ఇంగ్లీషులోకి మార్చి 1982లో గ్రంథంగా ప్రకటించినాడు.

ఆ ఉత్సవాలలో చాపకూడు కూడా ఒక ఘట్టం. అక్కడ విస్తళ్లు ఖాళీగా ఉండవు. ఎనిమిది వందల ఏండ్లు దాటిన యుద్ధంలో ఎవరు చచ్చినది, ఎవరు బ్రతికినది ఇప్పుడు ఎవరి ఆకలినీ తీర్చదు. కాని ఆ చాప మీద వడ్డించే కూడు ఈనాటి కడుపులోకే పోతుంది. గడచినకాలాన్ని తిరిగి ఆడే ఆటలన్నింటిలోను నిజమైన కార్యం ఇదొక్కటే అనిపిస్తుంది నాకు.

ఇటువంటి ఆటలు మన దేశంలోనే కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రాన బర్క్లీ అనే పట్టణంలో 1966లో కొందరు మిత్రులు ఒక పెరటిలో చేరి కత్తులు, డాలులు పట్టుకొని మధ్యయుగపు వీరులవలె ఆడినారు. ఆ ఆట పెరిగి పెరిగి ‘సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజమ్’ అనే పెద్ద సంఘమైనది. వారు యుద్ధాలు ఆడుతారు, పాతకాలపు బట్టలు కుట్టుకొంటారు, పాత వంటపుస్తకాలు చూచి విందులు చేస్తారు. అక్కడ శాకాహారియైన వంటవాడు ఎంత ఇబ్బంది పడునో ఊహించవచ్చును. ఐరోపా రాజుల విందు అనగానే నిలువునా కాల్చిన పంది మన కండ్ల ముందు నిలుస్తుంది. కాని ఆ విందు ఏడాది పొడుగునా లేదు. చర్చి విధించిన ఉపవాస దినాలలో మాంసం ముట్టరాదు. ఈస్టరుకు ముందు నలువది దినాల వ్రతంలోనైతే పాలు, గ్రుడ్లు కూడా నిషిద్ధమే. అందుచేత ఆ వంటవారు బాదంపప్పు రుబ్బి పాలు తీయడం నేర్చినారు. 1390 ప్రాంతంలో ఇంగ్లండు రాజు రెండవ రిచర్డు వంటవారు కూర్చిన ‘ఫార్మ్ ఆఫ్ క్యూరీ’లో పుట్టగొడుగుల వంటకము, నూనె, వినిగరు, ఉప్పు కలిపిన పచ్చి ఆకుల వంటకము కూడా ఉన్నవి. అయితే వారి ఉపవాసంలో చేప చెల్లుతుంది. మన ఏకాదశి ఉపవాసపరులకు ఈ సంగతి చెబితే నవ్వుతారు. ఎవరి నియమం వారిది.

ఇక నా వంట సంగతి. ఒప్పుకొన్న మరునాడు కాగితం, పెన్సిలు పట్టుకొని మాదన్నపేట కూరగాయల మార్కెట్టుకు పోయినాను. ఏమి కొనవలెనో కాదు, ఏమి కొనరాదో వ్రాసుకోవడానికి. పన్నెండవ శతాబ్దపు భోజనం వండవలెనన్నది పందెం. కొలంబసు 1492లో అమెరికా ఖండాన్ని చేరక ముందు మన నేలమీద ఏయే కాయలు లేవో వాటికి నా వంటలో చోటు లేదు. టమాట కొట్టివేసినాను. ఆలుగడ్డ కొట్టివేసినాను. పల్లీలు, పల్లీనూనె పోయినవి. మొక్కజొన్న పేరులో జొన్న ఉన్నా అదీ అమెరికాదే. తియ్యగుమ్మడి పోయినది, బూడిదగుమ్మడి మిగిలినది. ఫలహారం వైపు చూస్తే జామ, బొప్పాయి, సీతాఫలం మూడూ పోయినవి. ఆఖరున, చెయ్యి వణకగా, మిరపకాయ కొట్టివేసినాను.

చదువరులు ఒక్క నిమిషం ఆగి ఆలోచించవలెను. మిరపకాయ లేని తెలుగు వంట! నేడు పల్నాడంటే మిరప తోటలు. గుంటూరు మార్కెట్టుకు బస్తాల కొద్దీ ఎర్రటి కాయలు చేరేది ఆ సీమనుండియే. అటువంటి సీమలో బ్రహ్మనాయుడు గాని, నాగమ్మ గాని జన్మలో మిరపకాయ చూడలేదు. 1498లో వాస్కోడిగామా కాలికట్టు చేరిన తరువాత పోర్చుగీసువారి ఓడలలో అది మన తీరానికి వచ్చినది. అంతకుముందు మన నాలుకకు కారం ఇచ్చినవి మిరియాలు, పిప్పళ్లు, అల్లం, ఆవాలు. కొత్తగా వచ్చిన కాయను పాత మిరియంతో పోల్చుకొనియే మనవారు దానికి పేరు పెట్టుకొన్నారు కాబోలు.

మిగిలినవాటిని లెక్కపెట్టుకొంటే దిగులు తీరినది. వంకాయ మనదే. కంది, మినుము, పెసర, ఉలవ మనవే. చిక్కుడు, కాకర, మునగ, కంద, కరివేపాకు, పసుపు, నువ్వులనూనె, బెల్లం, చింతపండు: ఇవన్నీ చేతిలో ఉన్నవి. ఇంగువ పారశీక దేశాలనుండి రావలసినదే గాని అది ఎప్పటినుండో వస్తున్నది. వంటవాడు బీదవాడు కాడు.

పుస్తకాలు కూడా సాయం వచ్చినవి. పల్నాటి యుద్ధానికి సుమారు ఏబది సంవత్సరాల ముందు కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథాన్ని వెలువరించినాడు. అందులో అన్నభోగం అనే భాగం ఉన్నది. మినుములతో చేసిన ఇడ్డరిక, పప్పులతో చేసిన దోసక, వటిక, పూరిక అందులో కనబడుతాయి. ఇవే నేటి ఇడ్డెన, దోసె, వడ, పూరీలకు పెద్దలు. నాటి ఇడ్డెనలో బియ్యం లేదు. పైన ఇంగువ, జీలకర్ర, మిరియం చల్లుకొనేవారు. మా పిల్లలకు ఈ మాట చెబితే “సార్, అయితే అది ఇడ్లీ గాదు, ఆవడ” అని తేల్చివేసినారు.

అయితే అదే గ్రంథంలో మాంసాహారం కూడా మెండుగా ఉన్నది. మేక, పంది, చేప, తాబేలు. పొలంలోని ఎలుకలను పట్టి కాల్చే విధానంతో సహా ఉన్నది. ఇది నేను దాచలేదు. దాచినా లాభం లేదు, ఎందుకంటే పిల్లలు ఆ మాటే పట్టుకొన్నారు. “వీరులు గోష్ తినకుండా యుద్ధం చేసిన్రా సార్?” అని బాలచంద్రుడు అడిగినాడు. తిన్నారనే చెప్పినాను. చరిత్రను మన విస్తరికి తగినట్టు కత్తిరించుకోరాదు. నా పూర్వులు తిన్నది ఒకటి, ఆ వీరులు తిన్నది మరొకటి. శాకాహారం నాటి దేశమంతటి ఆచారమని నేను చెబితే అది పంతులు పిల్లలకు చెప్పే అబద్ధం అవుతుంది.

మరి కూరగాయలే ఎందుకు వండవలెను? దీనికి జవాబు గ్రంథాలలో లేదు, యాకుత్‌పురాలో ఉన్నది. మా బృందంలో సగంమంది హలాల్ కాని మాంసం ముట్టరు. కొందరు పెద్దమాంసం పేరెత్తితే లేచిపోతారు. ఇద్దరు శనివారం తినరు. ఆ నెలలో అయ్యప్పమాల వేసుకొన్నవారు ముగ్గురున్నారు. కర్టెన్ గుడ్డలు అరువిచ్చే మార్వాడీ వ్యాపారి ఉల్లిగడ్డ సైతం తినడు. మాంసం వండితే నాలుగు పొయ్యిలు, నాలుగు చాపలు కావలెను. వంకాయ వండితే ఒక పొయ్యి, ఒక చాప చాలును. నా శాకాహారం గెలిచినదనుకోవద్దు. చాపకు వీలైనది గనుక నిలిచినది.

పొయ్యి సంగతి తేలినది గాని గిన్నెల దగ్గర నా బుద్ధి బయటపడినది. మా వీథి మలుపున పెండ్లిండ్లకు దేగులు అద్దెకిచ్చే ముసలాయన ఉన్నాడు. “పంతులు సాబ్, పిల్లల పని. కిరాయి వద్దు, దేగు తీస్కపోండ్రి” అన్నాడు. ఆ దేగులో ఎన్ని వందల పెండ్లిండ్ల బిర్యానీ వండినారో నా కంటికి కట్టినట్టు కనబడినది. “ఎందుకండీ శ్రమ” అని నసిగి, కాచిగూడ వైపు పోయి, శాకాహార వంటలకే వాడుతారని నమ్మకం చెప్పిన ఒకరి దగ్గర గుండిగలు అద్దెకు తెచ్చినాను. ఆటో కిరాయి కూడా నాదే. ముసలాయన ఏమీ అనలేదు. రిక్తహస్తాలతో తన దుకాణం ముందునుండి నేను పోవడం మాత్రం చూచినాడు.

ఆ ఏడు నేను వండినది సన్నబియ్యపు అన్నం, ముద్దపప్పు, మిరియం వేసిన వంకాయ చిక్కుడుకాయ కూర, చారు, మజ్జిగ. నూట ఇరువది మంది తిన్నారు. కారం చాలలేదని అందరికీ అనిపించినది గాని నా ముఖం చూచి ఎవరూ అనలేదు. నలగామరాజు మాత్రం నడుముపట్టీలో దాచుకొన్న ఆవకాయ పొట్లం విప్పి ఇరుప్రక్కలవారికి పంచినాడు. పన్నెండవ శతాబ్దం అంతటితో ముగిసినది.

నాకు నచ్చని తప్పు వేరొకటి ఉన్నది. అది నేనే ఆలస్యంగా గ్రహించినాను. శ్రీనాథుని పేర వాడుకలో ఉన్న చాటుపద్యాలలో పల్నాటి మీద ఉన్నవి ప్రతి తెలుగు పంతులు పాఠం చెప్పినవే. ఆ సీమలో ఎటు చూచినా జొన్నకూడే గాని సన్నన్నం దొరకదని కవి విసుక్కొంటాడు. ఎన్ని ఏండ్లు ఆ పద్యం చెప్పి పిల్లలను నవ్వించినానో! పొయ్యి ముందు నిలిచేసరికి అదే పద్యాన్ని మరచి బియ్యం కడిగినాను. నాగార్జునసాగరానికి 1955లో పునాది పడి, 1967లో కాలువలకు నీళ్లు వదిలిన తరువాత గదా పల్నాటిలో వరి విరివి అయినది! బ్రహ్మనాయుని చాప మీద జొన్నకూడే వడ్డించి ఉంటారు. తెల్లని అన్నం రాజుల విస్తరిలోది, దానిని నేను చాప మీద పెట్టినాను. పుస్తకం చదివినవాని చెయ్యి వేరు, పొయ్యి ఎరిగినవాని చెయ్యి వేరు.

భోజనాలైన తరువాత విస్తళ్లు ఎత్తుతూ కన్నమదాసు వేషం వేసిన కుర్రవాడు నా దగ్గరకు వచ్చినాడు. కథలో కన్నమదాసు మాలవాడు. బ్రహ్మనాయుడు కొడుకుగా చేకొన్నవాడు, సేనలో ముందు నిలిచినవాడు. ఈ కుర్రవాడు ఆ వేషాన్ని ఏరికోరి అడిగి తీసుకొన్నాడు. తనదీ ఆ కులమే అని దాచడు.

“సార్, ఒక్క మాట అడుగుతా. తప్పనుకోవద్దు. మీరు వండిన్రు, మేమందరం తిన్నం. మా అమ్మ వండితే మీరు తింటరా?”

“తప్పక తింటాను” అన్నాను. అంత త్వరగా జవాబు వచ్చినందుకు నాకే అనుమానం కలిగినది. అతడు కొంచెం నవ్వి, విస్తళ్ల గంప ఎత్తుకొని పోయినాడు.

ఆ ప్రశ్న ఏడాది పొడుగునా నాతో ఉన్నది. పాఠం చెప్పిన రోజులలో చాపకూడును ఎంత గొప్పగా వర్ణించేవాణ్ణి! సహపంక్తి అన్నాను, సమత అన్నాను. కాని మన దేశంలో అన్నం కూడా నీటివలె పల్లానికే పారుతూ వచ్చినది. పై కులంవాడు వండినది క్రింది కులాలు తినవచ్చును. అటునుండి ఇటు రారాదు. అందుకే పూర్వం హోటళ్ల బోర్డుల మీద ‘బ్రాహ్మణ భోజనం’ అని వ్రాసుకొనేవారు. అది రుచికి వేసిన ముద్ర కాదు. వండిన చెయ్యి ఎవరిదో చెప్పి, అందరినీ నిశ్చింతగా రమ్మనడం. ‘క్రీడాభిరామం’ చదివినవారికి ఓరుగల్లులో రూక చెల్లించి భోజనం చేసే పూటకూళ్ల ఇల్లు గుర్తుండే ఉంటుంది. విచిత్రమేమంటే పల్నాటి వీరుల కథను వీథిలో పాడి ఆడే దృశ్యం కూడా ఆ కావ్యంలోనే ఉన్నది. ఒకే ఊరిలో, ఒకే రోజున అటు వీరగాథ, ఇటు పూటకూడు. వీరగాథ వినవచ్చిన వారందరికీ ఆ పూటకూళ్ల ఇంటిలో పంక్తి దొరికేదా అని నేను ఎన్నడూ పిల్లలను అడగలేదు. నన్ను నేనూ అడుగుకోలేదు.

ఆ కథను ఎప్పుడు చెప్పుకొన్నా చాప మీద కూర్చున్నవారిని తలచుకొంటాము. పొయ్యి ముందు నిలిచినవారిని తలచుకోము. నేను శాకాహారిని గనుక నా వంట అందరికీ చెల్లినదని సంతోషించినాను. నిజానికి నా వంట అందరికీ చెల్లడానికి కూరగాయలు సగం కారణం, నా కులం సగం కారణం. అంటే చాపకూడు పేర నేను వండినది పాత పూటకూడే. దానికి మిరపకాయ లేకపోవడం ఒక్కటే పన్నెండవ శతాబ్దపు గుర్తు.

మరుసటి ఏడు కార్తీకంలో ఆ కుర్రవాని ఇంటికి నేనే పోయినాను. రైలుకట్ట అవతల రెండు గదుల ఇల్లు. తల్లి ఉదయం నాలుగిండ్లలో పనిచేసి వస్తుంది. పుట్టినది నల్లగొండ వైపు పల్లెలో. “అమ్మా, జొన్నసంకటి నూరుమందికి వండవలెను. నాకు రాదు. మీరు వండితే నేను క్రింద పని చేస్తాను” అన్నాను. ఆమె కొడుకు వైపు చూచినది. “సంకటా, గటకా?” అని అడిగినది. ఆ రెండింటికి ఉన్న తేడా నాకు తెలియదని నా ముఖమే చెప్పి ఉండవలెను. “గటక ఉత్త రవ్వతోటి. సంకటిల పిండి గూడ పడ్తది. మందికైతే సంకటే మంచిది, చేతికి ముద్ద అయితది” అని చెప్పినది. నేను బడిలో అడిగించుకొన్న ప్రశ్నలకు ఇంత చక్కగా జవాబు చెప్పినట్టు నాకు జ్ఞాపకం లేదు.

ఈసారి దేగుల కోసం కాచిగూడ పోలేదు. వీథి మలుపున ముసలాయన దుకాణం ముందు నిలబడితే, ఆయన నన్ను కొంచెంసేపు నిలబడనిచ్చి, “పెద్దదా, చిన్నదా?” అన్నాడు. రెండూ కావలెనన్నాను. “గోష్ లేకుండా ఈ దేగు పొయ్యెక్కుడు ఇదే మొదలు. దానికి కోపమొస్తదేమో చూస్కోండ్రి” అని నవ్వినాడు. చింతపండు, బూడిద వేసి మూడుసార్లు తోమించినాను. రెండుసార్లు చాలునని ఆమె అన్నది. మూడవది నా కోసం. చిన్ననాటి గడప ఒక్కనాడు దాటితే దాటినట్టు కాదు గదా.

ఆ రోజు తెల్లవారుజామున బడి గోడవారగా గాడిపొయ్యి త్రవ్వించినాము. పదునాలుగు కిలోల జొన్నలు. మూడింట రెండు పాళ్లు రవ్వ పట్టించి, ఒక పాలు పిండి చేయించినాము. రవ్వకు నాలుగింతల ఎసరు పెట్టి, ఉప్పు వేసి, నీళ్లు కుతకుత ఉడికేటప్పుడు ఆమె రవ్వను గుప్పిళ్లతో జల్లుతూ, మరొక చేత తెడ్డు త్రిప్పుతూ పోయినది. రవ్వ ఉడికి మెత్తబడిన తరువాత పిండి పైన కుప్పగా పోసి, కదపకుండా ఆవిరి పట్టనిచ్చినది. ఆ తరువాత ఇద్దరు మనుష్యులు రెండు తెడ్లతో ఎదురెదురుగా నిలిచి గెలకవలెను. గెలకడం అన్న మాట చిన్నది, పని చిన్నది కాదు. ఒక తెడ్డు ఆమె పట్టుకొన్నది. రెండవది నేను పట్టుకొన్నాను. పది త్రిప్పులకే నా భుజాలు ఊడిపోయినట్టయినవి. “సారూ, చెయ్యితోటి గాదు, నడుముతోటి తిప్పాలె” అన్నది. తెడ్డు బాలచంద్రుడికి అప్పగించినాను. అతడు మూడు నిమిషాలలో చెమటలు కక్కి, మధ్యాహ్నం యుద్ధంలో తన కత్తి లేవదేమోనని భయపడినాడు.

రెండవ దేగులో ఉలవచారు. మూడు కిలోల ఉలవలు రాత్రి నానవేసి, ఉడికించి, ఆ కట్టు వడియగట్టి, చింతపండు పులుసు పోసి, సన్నని సెగ మీద చిక్కబడేదాకా కాచినాము. మిరియాలు, పిప్పళ్లు, జీలకర్ర, ఇంగువ, నువ్వులనూనెతో తాలింపు. గుఱ్ఱాలకు పెట్టే గింజ గనుక వీరులకు తగినదే అని నేనొక శ్లేష వేసినాను. ఎవరూ నవ్వలేదు, పొగకు అందరి కండ్లు మండుతున్నవి. ఉల్లి తినని మార్వాడీ వ్యాపారికి ఆ చారులో ఉల్లి లేదని ముందే కబురు చేసినాను. పిప్పలి ఘాటు మిరపకాయ కారంవలె నాలుక కొనమీద కాదు, మ్రింగిన తరువాత గొంతులో మెల్లగా లేస్తుంది. దేగు ముసలాయన ఒక దోసిలిలో పోయించుకొని రుచి చూచి, తల ఊపి, రెండవ దోసిలి పట్టినాడు.

యుద్ధం ఆనాడు బాగుగా జరుగలేదు. రాయబారానికి వెళ్లిన అలరాజు పద్యం మరచిపోయినాడు. బ్రహ్మనాయుడి మీసం ఊడినది. ఎవరికీ పట్టలేదు, గాలి ఉలవచారు వాసనను రణభూమి మీదుగా మోసుకొనిపోతున్నది. చచ్చిన వీరులు అప్పటికే తలలెత్తి చూస్తున్నారు.

చాపలు పరచినారు. మామూలుగా నేను వడ్డించేవాణ్ణి. ఈసారి కన్నమదాసు నా చేతిలోని గరిటె తీసుకొని, “మీరు కూసోండ్రి సార్” అన్నాడు. కూర్చున్నాను. ఒక ప్రక్క నాయకురాలు నాగమ్మ, మరొక ప్రక్క దేగు ముసలాయన. ఎదుటి వరుసలో అయ్యప్పమాల వేసుకొన్న పిల్లలు. మోదుగాకు విస్తరిలో జొన్నసంకటి ముద్ద పెట్టి, నడుమ గుంటచేసి ఆ తల్లి ఉలవచారు పోసినది. పోసి, ముందుకు పోలేదు. అక్కడే నిలబడినది. వరుసలో మాటలు ఆగినవని నాకు వెనుక చెప్పినారు. అప్పుడు నేను గమనించలేదు. వేడి ముద్ద వ్రేళ్లు కాల్చినది. ఊదుకొని నోట పెట్టుకొన్నాను.

“ఉప్పు జూడండ్రి సారూ, సరిపోయిందా?” అన్నది.

కొంచెం తక్కువయినది. ఆ మాటే చెప్పినాను. “గట్లనా!” అని ఆమె ఉప్పు డబ్బా కోసం కొడుకును కేకవేసినది.